ఎర్ర కొస

మంచి వార్త వచ్చేసరికి ప్రేమలత చేతులు రెండూ మణికట్ల దాకా మామిడికాయ తొక్కులో ఉన్నాయి.

పెద్ద తాంబాళంలో ముక్కలు, వాటి మీద కారం, ఆవపిండి, అప్పుడే పోసిన నువ్వుల నూనె. పక్కన పీట మీద కూర్చుని ఎల్లిపాయలు ఒలుస్తున్న అత్త వజ్రమ్మ ఒక కన్ను ఆ చేతుల మీదే ఉంచింది.

"కింది నుంచి మీదికి తియ్యాలె పిల్లా. గట్ల పిసుకుతవేంది? తొక్కు పెడుతున్నవా, రొట్టెల పిండి కలుపుతున్నవా?"

ప్రేమలతకు నవ్వొచ్చింది. పెళ్లయి రెండు నెలలు దాటింది. ఈ ఇంట్లో ఎవరు కసిరినా ఆమెకింకా నవ్వే వస్తోంది.

అప్పుడే మధు చెప్పులైనా విడవకుండా వంటింట్లోకి వచ్చాడు. చేతిలో ఫోను.

"ఓడ కంపెనీది మెయిలచ్చింది. జర సదువు."

"నా చేతులు సూడరాదు. నువ్వు పట్టుకో, నేను సదువుత."

అతను ఆమె ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని ఫోను ఆమె ముఖానికి జానెడు దూరంలో పట్టాడు. కోరుట్లలో బీకాం చదివిన కోడలు వచ్చినప్పటి నుంచి ఈ ఇంట్లో ఇంగ్లీషు కాగితమేదైనా ఆమెదే. ఆమె పెదాలు కదుపుతూ చదివింది. "మీదికి జరుపు" అంది. అతను జరిపాడు. ఇంకోసారి "జరుపు" అంది. ఆ తర్వాత చదవడం ఆపి అతని కళ్లలోకి చూసింది.

"ఓడ కట్టుడు రద్దయినందుకు గవర్నమెంటు కాంట్రాక్టర్లకు నష్టపరిహారం ఇస్తదట. మనసొంటి చిన్నోళ్లకు సుత. మార్చిన సాంచాలకు, నేసి పెట్టిన గుడ్డకు, సగంల ఆగిన పడుగుకు. గురువారం ఆఫీసరస్తడట, సూసి రాసుకపోనీకి."

వజ్రమ్మ చేతిలోని ఎల్లిపాయ అట్లాగే ఉండిపోయింది. "మల్ల సదువు" అంది.

మళ్లీ చదివింది. మూడోసారి అడిగితే మూడోసారీ చదివింది.

"కింద ఇంకేందో ఉన్నది. ఒత్తితే తెరుసుకుంట లేదు" అన్నాడు మధు.

"ఉండనీ, ఏదో లిస్టు గావచ్చు. అసలు ముచ్చట అయిపాయె గదా!"

ముక్కు దురదపెట్టి ప్రేమలత భుజానికి రుద్దుకోబోతే, మధు తల్లి చూస్తుండగానే తన చొక్కా చేతితో ఆమె ముక్కు తుడిచాడు. వజ్రమ్మ తల పక్కకు తిప్పుకుంది. కొంచెం ఆగి అంది.

"మరి ఇగ వీని పాస్‌పోర్టు తెచ్చుకుంటరా, లేదా?"

ఆ ఇంట్లో అసలు మాట అదే. కిందటేడాది విశాఖపట్నం కంపెనీ ఒకటి మధు తండ్రి వెంకటేశానికి పని అప్పజెప్పింది. నౌకాదళం కట్టిస్తున్న యుద్ధనౌక మీది చిన్న పడవలకు కప్పే దొడ్డు కాన్వాసు గుడ్డ. వెంకటేశం చీరల గుడ్డ నేసే తన నాలుగు మరమగ్గాలనూ, ఈ సాంచాలనే, ఆ దొడ్డు నూలుకు తగినట్టు మార్చాడు. మార్చి నెల పద్దెనిమిదిన, 'ప్రభుత్వం ఓడ కట్టడం మానుకుంది, పని ఆపండి' అని మెయిల్ వచ్చింది. ఆ మధ్యాహ్నమే ఆపారు. మళ్లీ చీరల గుడ్డకు మార్చే దారి లేక నలభై రోజులుగా కార్ఖాన మూగగా ఉంది. మధు పాస్‌పోర్టు జగిత్యాలలో ఏజెంటు దగ్గర ఉంది. శనివారం గల్ఫు మెడికల్.

"రేపే తెచ్చుకుంటం అత్తమ్మా" అంది ప్రేమలత, మొగుడు నోరు తెరిచే లోపే.

వజ్రమ్మ కళ్లు కొంగుతో ఒత్తుకుంది. ఎల్లిపాయ ఘాటు అనుకోవచ్చు. "గా ఓడ ఎందుకు వద్దనుకున్నరో ఏమోరా?"

"యుద్ధం రాదనుకున్నరేమో" అన్నాడు మధు.

"రాకుంటే మంచిదే. గని రాదని ముందుగాల్నే తెలిస్తే మన సాంచాల జోలికి రాకపోదురు గదా!"

చేతులు కడుక్కుని ప్రేమలత ఇంటి వెనక కార్ఖానలోకి పరుగెత్తింది. మామ అక్కడే ఉన్నాడు. రోజూ ఉంటాడు. ఆగిన సాంచాల మీది దుమ్ము పాత బనీనుతో తుడుస్తూ, ఇనుముకు నూనె రాస్తూ.

"మామా! పరిహారం ఇస్తరట!"

"ఆఁ?" అని అరిచాడు వెంకటేశం. ముప్పై ఏళ్లు సాంచాల చప్పుడులో బతికిన మనిషి. చప్పుడు ఆగిపోయినా గొంతు ఆగలేదు. నిశ్శబ్దంగా ఉన్న కార్ఖానలో ఎదురుగా నిలబడ్డ మనిషితో కూడా వాడ అవతలికి వినపడేట్టు మాట్లాడతాడు. "ఎవలిచ్చెటిది?"

చెప్పింది. ఆయన మూడో సాంచ దగ్గరికి వెళ్లి దాని మీది పడుగును అరచేత్తో నిమిరాడు. సగం నేసిన పడుగు. ఆ సాంచ పక్కన బల్ల మీద, దాని మీంచి దింపిన తాన్లు, గుడ్డ చుట్టలు, పేర్చి ఉన్నాయి. అన్నింటికీ పైన ఉన్నది మొదటి తాను. దాని కొసకు జానెడు ఎర్రటి పట్టీ.

పెళ్లయిన మూడో రోజు ఆ పడుగు ఎక్కించారు. కొత్త కోడలు చేతుల మీదుగా కొత్త పడుగు ఎక్కించడం ఈ ఇంటి ఆనవాయితీ. ఆమె పసుపు చేతులతో సాంచ హ్యాండిల్ నెట్టింది. తొలి జానెడు ఎర్ర పేకతో నేశారు. ఆ ఎర్ర మీద మామ మార్కింగ్ సిరాతో రాశాడు: ప్రేమలత, 23–2. పడుగు మొత్తం నేసి దింపేదాకా ఆ కొస తానుకే ఉండాలి. దిగిన రోజు కోడలే దాన్ని కత్తిరించి పెట్టెలో దాచుకోవాలి. వజ్రమ్మ కొస ఇప్పటికీ ఇనుప పెట్టె అడుగున ఉంది, చేమగ్గం కాలం నాటిది, వెలిసి గులాబీ రంగుకు తిరిగి.

ప్రేమలత తన పేరును వేలితో నిమిరింది. సముద్రం చూడని మనిషి ఆమె. 'నా పడుగు గుడ్డ సముద్రం మీదికి పోతుందే' అని కాలేజీ స్నేహితులందరికీ ఫోన్లు చేసి చెప్పుకున్న రోజు గుర్తొచ్చింది. పోతే పోయింది సముద్రం. మనిషి మిగిలాడు.

*

మంగళవారం పొద్దున్నే బండి మీద బయల్దేరారు. వేములవాడ దాటేదాకా చల్లగానే ఉంది. ప్రేమలత మొగుడి వీపుకు గడ్డం ఆనించి, దారిలో కనిపించిన ప్రతిదానికీ సంతోషపడింది. కోతకొచ్చిన వరికి, రోడ్డు మీద ఆరబోసిన మక్కలకు, ట్రాలీ నిండా మామిడికాయలు వేసుకుని తమను దాటిపోయిన ట్రాక్టరుకు.

జగిత్యాలలో ఏజెంటు ఆఫీసు సెల్‌ఫోన్ల దుకాణం మీద. ఏజెంటు పాస్‌పోర్టును బల్ల మీద పెట్టి దాని మీద రెండు వేళ్లు ఉంచాడు.

"తమ్మీ, ఒక్కసారి ఆలోసించుకో. కంపెనీ వీసా. ఏసీల పని. నువ్వు పోకుంటే రాయికల్ పిలగాడు ఒగడు కాసుకోని కూసున్నడు."

"పోనీ అన్నా, ఆయననే పోనీ" అంది ప్రేమలత.

"నేను ఆయనను అడుగుతున్న చెల్లె."

"ఆమె చెప్పిందే" అన్నాడు మధు, చెవులు ఎర్రబడి.

మెట్లు దిగుతూ ఆమె పాస్‌పోర్టును హ్యాండ్‌బ్యాగులో దువ్వెన పక్కన పెట్టి జిప్పు లాగింది. మార్కెట్టు దగ్గర చెట్టు నీడన నిలబడి ఇద్దరూ చెరో రసం మామిడి జుర్రుకున్నారు. రసం మోచేతుల దాకా కారింది. ఆమె తెగ నవ్వింది. "ఏంది గట్ల నవ్వుతవ్, మందంత సూస్తున్నరు" అన్నాడతను. "సూడనీ. గల్ఫు దేశం పోనోని పెండ్లాన్ని" అంది.

అక్కడి నుంచి కోరుట్ల. ఆమె అన్న రాజేశ్‌కు బస్టాండు ఎదురుగా జిరాక్సు, నెట్ సెంటరు. చెల్లెలు రాగానే చల్ల తెప్పించాడు. మెయిల్ తెరిచి రెండు పేజీలు ప్రింటు తీశాడు.

"అనుబంధం అని ఇంకోటి ఉన్నది బావ. తెరువబోతె ఎర్రర్ అస్తున్నది. నింపుకునే ఖాళీ ఫారమే గావచ్చు, ఆఫీసరే తెస్తడు తియ్."

ప్రేమలత పరీక్షకు చదివినట్టు పెన్సిల్ పట్టుకుని, ఒక్కో లైను కింద గీత గీస్తూ చదవడం మొదలుపెట్టింది. తాను చదివిన చదువు ఇంటికి అక్కరకొస్తోందని లోపల్లోపల గర్వంగా ఉంది. రెండో పేజీ మూడో పేరా దగ్గర పెన్సిల్ ఆగింది. వెనక్కి వెళ్లింది. మళ్లీ ముందుకొచ్చింది.

"ఏమైందే?" అన్నాడు రాజేశ్.

"ఓడ రద్దయిన తేదీ ఫిబ్రవరి పన్నెండట" అంది మెల్లగా. "ఆ తేదీ దాటినంక చేసిన పనికి పరిహారం లేదట. దాటినంక సుత పని నడిపినోళ్ల క్లెయిము మొత్తానికి మొత్తం కొట్టేయవచ్చట."

మధు ఇంకా నవ్వు ముఖంతోనే ఉన్నాడు. "మనకు తెలిసిందే మార్చిల గదా!"

"కాయితంల ఫిబ్రవరే ఉన్నది."

"మన పెండ్లి ఇరువై తారీకు" అన్నాడు మధు. అని ఆగిపోయాడు. అతని ముఖంలో నవ్వు ఎక్కడ ఉండాలో తెలియక అక్కడక్కడే కాసేపు తచ్చాడి పోయింది. ఇరవై మూడున ఎక్కించిన పడుగు. తారీకు వేసి మరీ ఉన్న ఎర్ర కొస.

"కంపెనీకి ఫోన్ చేసి అడుగుతె అయిపాయె గదా?" అన్నాడు రాజేశ్.

"ఏమని? సారూ, మీరు వద్దన్నంక సుత మేము నేసినమని అడుగుదమా?" మధు గొంతు పెంచాడు. "నీకు తెల్వది బావా. మా సాంచాలు నడిపే పోశం కాక పెండ్లాం సమ్మవ్వకు బీడీల పింఛను ఎందుకు ఆగింది? ఆధార్ కార్డుల ఒక తారీకు, ఇంకో కార్డుల ఒక తారీకు. గంతే. అడుగుడెందుకని ఊకుంటే నడిసేది. అడగనీకి పోయింది, ఆపిండ్రు."

చేతిలోకి తీసుకున్న ఫోను రాజేశ్ పక్కన పెట్టేశాడు. సమ్మవ్వ లాంటివాళ్లు రోజుకు పదిమంది అతని షాపు మెట్లెక్కుతారు, అవే కార్డులు పట్టుకుని.

వచ్చేటప్పుడు కథలాపూర్‌లో బండి ఆపారు. పొద్దున ఏజెంటు మెట్లు దిగుతూనే, తిరిగొచ్చేటప్పుడు అక్కడ మిర్చిబజ్జీలు తినాలని ఆమే అనుకుంది. మధు తెచ్చి చేతిలో పెట్టాడు. ఆమె ఒకటి కొరికి, మిగతావి కాగితంలో చుట్టి బ్యాగులో పెట్టబోయింది. లోపల పాస్‌పోర్టు చేతికి తగిలింది. నూనె అంటుతుందని బజ్జీలు చేతిలోనే పట్టుకుని ఇంటిదాకా కూర్చుంది.

*

బుధవారం పొద్దున పోశం వచ్చాడు. ఇరవై ఏళ్లుగా ఆ నాలుగు సాంచాలు నడిపిన మనిషి. కాన్వాసుకు వాటిని మార్చిందీ అతనే. సాంచాలు ఆగినప్పటి నుంచి సుతారి పనికి పోతున్నాడు. గోళ్లలో సిమెంటు.

విషయం అంతా విని, "గీ ఎర్ర కొస ఒక్కటే కొరివి" అన్నాడు. "మిగిలిన తాన్ల మీద తారీకు లేదు. కొస లేకుంటే ఎప్పటిదో ఎవనికెరుక? ఫిబ్రవరి మొదట్ల ఎక్కించినమందం."

"కొస తియ్యొద్దు!" అని అరిచాడు వెంకటేశం. ఆయన మామూలుగా అన్నా అరిచినట్టే ఉంటుంది, కానీ ఈసారి నిజంగానే అరిచాడు. "పడుగు సగంల ఉన్నది. కోడలి కొస పడుగు దిగకముందు కోస్తరా ఎక్కడన్న?"

"ఎక్కడ కొయ్యరు ఆసామి. గని ఓడ సగంల ఆపుడు మాత్రం ఎక్కడన్న ఉన్నదా?"

"ఉన్నదున్నట్టు చెప్పుదం. మాకు తెల్వక నేసినమని."

"చెప్పు" అన్నాడు పోశం. "మా సమ్మవ్వ సుత గట్లనే చెప్పింది. తెల్వక రాసిండ్రు సారూ అని. ఆ సారు నవ్విండు. 'తెల్వకపోవుడుకు కాలం లేదవ్వా ఫారంల' అన్నడు."

పైన రేకుల మీద ఎండ చిటపటమంటోంది. ప్రేమలత బల్ల పక్కన నిలబడి ఉంది. తనవైపు ఎవరూ చూడటం లేదు, అయినా అందరూ తన మాట కోసమే చూస్తున్నారని ఆమెకు తెలుస్తోంది. కాగితం చదివింది తను. పేరు ఉన్నది తనది.

"నాదే గదా మామా" అంది. "నేనే తీస్త. తర్వాత మల్ల కుట్టుకుందం."

వెంకటేశం ఆమెను చూశాడు. తర్వాత భుజం మీది బనీను తీసి సాంచ మీద వేసి, కార్ఖాన దాటి, గేటు దాటి, ఎండలోకి వెళ్లిపోయాడు. వద్దనలేదు. సరే అనీ అనలేదు.

కత్తెర వజ్రమ్మ తెచ్చింది. తాన్లు కత్తిరించే పెద్ద కత్తెర. కొంగులో పట్టుకుని తెచ్చి కోడలి చేతికిచ్చింది. "నా కొడుకు దేశం పోవుడు కన్న గీ కొస పోతే పోనీ" అంది. చేయి మాత్రం కత్తెరను వెంటనే వదల్లేదు.

దొడ్డు కాన్వాసు. కత్తెర కొరికింది గానీ తెగలేదు. ప్రేమలత రెండు చేతులతో బలంగా నొక్కాల్సి వచ్చింది. ఎర్ర పట్టీ అయిపోయి తెల్ల గుడ్డ మొదలయ్యే గీత మీదుగా, ఇంత ఇంత, ఇంత ఇంత. మధ్యలో ఒకసారి అలసి ఆగితే మధు "నేను కోస్త" అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. చివరికి తెగినప్పుడు బొటనవేలి మీద బొబ్బ లేచింది. కొసను మడిచి అత్తకిచ్చింది. వజ్రమ్మ దాన్ని ఇనుప పెట్టె అడుగున తన కొస పక్కనే పెట్టి, మూత వేసి, పెట్టె మీద చెయ్యి ఆనించి కొంతసేపు అట్లాగే నిలబడింది.

పోశం అగ్గిపెట్టె గీసి, తాను అంచుకు వేలాడుతున్న పోగులను ఒక్కొక్కటే కాల్చాడు, పాత కోత అనిపించేట్టు. అతని చేతులు ఆ పని ఎంతో నైపుణ్యంగా చేశాయి. అదే చూడబుద్ధి కాలేదు ప్రేమలతకు.

*

గురువారం పదకొండింటికి శ్రీధర్ అనే ఆయన వచ్చాడు. విశాఖపట్నం కంపెనీ తరఫు మనిషి. నలభై దాటినవాడు, చొక్కా వీపంతా చెమటతో తడిసి ఉంది. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చాడు. వజ్రమ్మ ఇచ్చిన నీళ్లు రెండు గ్లాసులు తాగి, "అబ్బ, బతికించారమ్మా" అన్నాడు. ప్రేమలతకు ధైర్యం వచ్చింది. ఈయన చెడ్డవాడు కాదు.

నాలుగు సాంచాలూ చూశాడు. ఏ భాగం మార్చారో, ఎందుకు మార్చారో పోశంను అడిగి రాసుకున్నాడు. పోశం చెబుతుంటే వంగి కిందికి చూశాడు. ఫొటోలు తీశాడు. "చాలా శ్రద్ధగా చేశారండీ. ఇది మొత్తం వస్తుంది మీకు" అన్నాడు. మధు పోశం భుజం తట్టాడు.

తాన్ల దగ్గరికి వచ్చాడు. లెక్క పెట్టుకున్నాడు. మూడో సాంచ మీది పడుగు వైపు చూస్తూ మామూలుగా అడిగాడు.

"ఈ పడుగు ఎప్పుడెక్కించారండీ?"

"ఫిబ్రవరి మొదట్ల" అన్నాడు మధు. ఎక్కువ తొందరగా అన్నాడు.

"మొదట్లో అంటే?"

"మూడో, నాలుగో."

శ్రీధర్ కలం ఆగింది. పోశం వైపు తిరిగాడు. పోశం సాంచ వైపు చూస్తూ "గంతే సారూ, మొదట్లనే" అన్నాడు. వెంకటేశం గోడకు ఆనుకుని నిలబడి నేలను చూస్తున్నాడు.

శ్రీధర్ బ్యాగులోంచి ఒక చలానా తీసి బల్ల మీద పెట్టాడు. "ఈ పడుగుకు నూలు మేం పంపిందే ఫిబ్రవరి పదిహేడున కదండీ. నూలు రాకముందే పడుగు ఎలా ఎక్కించారు?"

ఆయన మొదటి తాను విప్పాడు. కాల్చిన అంచును గోటితో తాకి చూశాడు. మసి గోటికి అంటింది.

"ఇక్కడేదో ఉండేది. ఎందుకు కోశారు?" ఆయన గొంతులో కోపం లేదు, అయోమయం ఉంది. "నాకర్థం కావట్లేదు. ఇరవయ్యో తారీకున ఎక్కించినా, ఇరవై ఐదున ఎక్కించినా మీకు నష్టమేముంది?"

"పన్నెండు దాటినంక నేసిన దానికి ఇయ్యరు గదా సారూ" అంది ప్రేమలత. "మీ లెటర్ల ఉన్నది."

"అది మా కంపెనీకమ్మా. పెద్ద కాంట్రాక్టర్లకి. చిన్నవాళ్లకి నోటీసు చేరిన రోజే లెక్క. మీకు మార్చి పద్దెనిమిది. అప్పటిదాకా నేసినదంతా వస్తుంది. అనుబంధంలో రాశాం కదా?" ఇంకో కాగితం తీసి ఆమె ముందుంచాడు. "చదువుకోలేదా?"

ఆమె చదివింది. నాలుగు లైన్లు. తొక్కు చేతులతో 'ఉండనీ, ఏదో లిస్టు గావచ్చు' అన్న కాగితం. అక్షరాలు ఒక్కొక్కటీ బాగానే తెలుస్తున్నాయి. చదవడం వచ్చు తనకు.

లేచి ఇంట్లోకి వెళ్లింది. పెట్టె తెరిచిన చప్పుడు కార్ఖానలోకి వినిపించింది. ఎర్ర కొస తెచ్చి ఆయన ముందు పరిచింది.

"నేనే కోసిన సారూ. లెటర్ సదివింది నేనే. మావోళ్లకు ఇంగ్లీషు రాదు. నన్ను నమ్మిండ్రు. వీళ్ల తప్పు లేదు."

శ్రీధర్ ఆ పేరు చదివాడు. తేదీ చదివాడు. కొసను తాను అంచుకు ఆనించి చూశాడు. పడుగు పోగులు ఒకదానికొకటి ఎదురుగా సరిగ్గా నిలిచాయి, ఒక్కటీ తప్పకుండా. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇది తానుకే ఉండి ఉంటే మీకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదమ్మా" అన్నాడు. "నేనిప్పుడు ఏం చెయ్యను? ఇద్దరు తప్పు తేదీ చెప్పారు. అంచు కాల్చి ఉంది. ఫారంలో ఒక గడి ఉంటుంది, ఆధారాలు మార్చారా అని. నేను కాదని రాస్తే రేపు పైనుంచి వచ్చేవాడు ఈ అంచు చూస్తాడు. నా మీద ఇద్దరు పిల్లలు..."

"జర సూడుండ్రి సారూ" అన్నాడు మధు.

శ్రీధర్ ఫారం ముందుకు లాక్కున్నాడు. ఆ గడిలో 'అవును' పక్కన చిన్న గీత గీశాడు. ఇక క్లెయిము మొత్తం ఆగిపోతుందని, అప్పీలు చేసుకోవచ్చని, దానికి ఏడాదో రెండేళ్లో పడుతుందని, అడ్రసు రాసిస్తానని చెప్పాడు. రాసిచ్చాడు. వెళ్లేముందు ఎర్ర కొసను నలగకుండా మడిచి, రెండు చేతులతో ప్రేమలతకు తిరిగిచ్చాడు. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కోవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

పోశం బల్ల మీది మసిని అరచేత్తో తుడిచాడు. "నా నోరు పడిపోను" అన్నాడు ఎవరితోనో. అని, సద్ది గిన్నె అక్కడే మరిచిపోయి వెళ్లిపోయాడు.

*

మూడు గంటలకు మధు జగిత్యాలకు ఫోన్ చేశాడు. గుమ్మంలో నిలబడి, వీధి వైపు తిరిగి మాట్లాడాడు. లోపలికొచ్చి గోడకు చెప్పినట్టు చెప్పాడు. "గా కంపెనీ వీసా రాయికలాయనకు ఇచ్చిండట. ఇంకోటున్నదట. ఎండల పైపులేసే పని. ఎల్లుండి పాస్‌పోర్టు పట్టుకోని రమ్మంటుండు." ప్రేమలత హ్యాండ్‌బ్యాగులోంచి పాస్‌పోర్టు తీసి అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని తీసుకునేటప్పుడు ఆమె బొటనవేలి మీది బొబ్బను చూశాడు. దాని మీద ఊదాడు, చిన్నపిల్లల గాయం మీద ఊదినట్టు.

తిట్టు కోసం చూసింది ప్రేమలత. వంటింట్లో అత్త వెనక నిలబడింది, ఒక్క మాట పడితే బాగుండునని. నిన్నటిదాకా కసిరితే నవ్వొచ్చేది. ఇప్పుడు కసిరితే ఏడ్చి బతికిపోయేది. వజ్రమ్మ జాడీ మూత తీసి, మొన్నటి తొక్కును గంటెతో కింది నుంచి మీదికి తీస్తూ ప్లాస్టిక్ డబ్బాలోకి ఎత్తుతోంది. ముక్కలు ఇంకా ఊరలేదు. నూనె తేలేట్టు నొక్కి, డబ్బా మూత బిగించి, కారకుండా దాని చుట్టూ రెండు పాలిథిన్ కవర్లు కట్టింది.

"అక్కడ కూరలు సప్పగ ఉంటయట" అంది, కోడలితో కాదు, డబ్బాతో.

ఎండ వాలుతుండగా తుక్కు కొనేవాడు వచ్చి వెళ్లాడు. కోరుట్ల మనిషి. వాడలో ఇప్పటికే ముగ్గురి సాంచాలు అతనే తూకానికి ఎత్తుకుపోయాడు. నాలుగు సాంచాలనూ కాలితో తట్టి చూసి, వెంకటేశంతో మాట్లాడి, ట్రాలీ మాట చెప్పి వెళ్లాడు.

అతను వెళ్లాక వెంకటేశం కార్ఖాన గుమ్మంలో కూర్చున్నాడు. ఇంటి లోపలి నుంచి చూస్తే ఆయన వీపు కనిపిస్తోంది. ప్రేమలత వెళ్లి పక్కన నిలబడింది. చేతిలో ఎర్ర కొస ఉంది, ఎక్కడ పెట్టాలో తెలియక పొద్దుటి నుంచి చేతిలోనే ఉంది.

"మామా, నేను ఆ ఆఖరు కాయితం సదివి ఉంటే..."

ఆయన చెయ్యెత్తి ఆపాడు. కొసను ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. తన చేత్తో రాసిన పేరును చూశాడు. తర్వాత మాట్లాడాడు. మెల్లగా. ఆ ఇంటికొచ్చినప్పటి నుంచి మామ మెల్లగా మాట్లాడటం ఆమె వినలేదు. వంగి వినాల్సి వచ్చింది.

"ట్రాలీ ఎల్లుండి అస్తదట. సగం పడుగుతోని సాంచను తూకానికి ఇయ్యద్దు. పోశంను పిలువనంపిన. రేపు పొద్దుగాల మొదలువెట్టి రాత్రంత నడిపి, మిగిలింది నేసి దించుదం. ఎవలు కొనకున్నా సరే." కొసను ఆమె అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు. "నీ చేతుల మీదుగ ఎక్కింది. నీ చేతుల మీదుగనే దిగాలె. రేపు తానం చేసి జల్ది రా బిడ్డా."